ఒకే చేప, పదకొండు గొంతులు

కెనడాలో వాన్ అనే ఊళ్ళో నేను పనిచేసే వేర్‌హౌస్‌కి కొత్తగా వచ్చినవాళ్ళకి మొదటిరోజు మాట్లాడటం నేర్పేది నేనే. ఇది వినగానే అందరూ నవ్వుతారు. ఉన్న సంగతే చెబుతున్నాను. మా దగ్గర సరుకు తీసే పనంతా హెడ్‌సెట్ మీద నడుస్తుంది. ఏ వరసలో ఏ అర దగ్గరికి వెళ్ళాలో చెవిలో యంత్రం చెబుతుంది. అక్కడికి వెళ్ళి అర మీద అంటించిన అంకెలు పైకి చదవాలి. సరిపోతే ఎన్ని పెట్టెలు తీయాలో చెబుతుంది. తీశాక, ఎన్ని తీశామో మళ్ళీ పైకి చెప్పాలి. యంత్రానికి మన గొంతు ముందే తెలిసి ఉండాలి కాబట్టి మొదటిరోజు ఒక్కొక్కరినీ చిన్న గదిలో కూర్చోబెట్టి అంకెలూ, కొన్ని మాటలూ నాలుగైదుసార్లు చదివిస్తాను. ఆ తరవాత అది ఆ గొంతునే నమ్ముతుంది.

ఆ గదిలో నాకొక సూత్రం ఉండేది. "ఇంటర్వ్యూలో ఎలా మాట్లాడారో అలాగే చదవండి" అనేదాన్ని. ఎంతమందికి చెప్పానో. చెప్పిన ప్రతిసారీ నాకు నేనే తెలివైనదాన్నని అనిపించేది.

ఆ తెలివి నాకు ఇక్కడికి దగ్గర్లోని గ్వెల్ఫ్ అనే ఊళ్ళో అబ్బింది. మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఒక పల్లె. చదువుకోవడానికి గ్వెల్ఫ్ వచ్చి, అయిదుగురు తెలుగు అమ్మాయిలం ఒక బేస్‌మెంట్‌లో దిగాం. మొదటివారం ఒకరోజు బయల్దేరబోతూ, "బేగి రండే, బస్సెల్లిపోతాది" అన్నాను. నలుగురూ పడీపడీ నవ్వారు. వాళ్ళలో చెడ్డవాళ్ళెవరూ లేరు. ఒకమ్మాయికి ఎంత ముద్దొచ్చిందంటే మళ్ళీ అనమని ఫోన్‌లో రికార్డు చేసుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పైకి మాత్రం నవ్వాను. మూడు నెలలు తిరిగేసరికి నా తెలుగు వార్తలు చదివేవాళ్ళ తెలుగైంది. మరో ఏడాదికి ఇంగ్లిషు కూడా అలాగే అయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్న సామెతను నాకు కావలసినట్టు మార్చుకుని, ఊరు తెలియని నోరే మంచి నోరని తీర్మానించుకున్నాను.

కిందటి చలికాలంలో, మేమంతా ఆంటీ అని పిలిచే ఆవిడ వచ్చింది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి. బార్బడోస్ దీవి నుంచి కెనడా వచ్చి ముప్ఫై ఏళ్ళయింది. కేంబ్రిడ్జ్‌లో చేసే ఫ్యాక్టరీ మూతపడితే కూతురి దగ్గరికి మారి, ఏజెన్సీ ద్వారా మా దగ్గర చేరింది. ఏజెన్సీవాళ్ళని మూడు నెలలు చూస్తారు. పనిలో వేగం చాలితే పర్మనెంట్, లేకపోతే రావద్దంటారు.

"ఇది గాని పోనాదంటే, యాబై ఎనిమిదేల్లదాన్ని ఇంకెవులు తీసుకుంటారే గుంటా" అంది మొదటిరోజే.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. ఆవిడ మాట్లాడింది ఇంగ్లిషే, వాళ్ళ దీవి ఉత్తరపు కొసన మాట్లాడే ఇంగ్లిషు. దాన్ని తెలుగులో పెట్టబోతే నాకు మా ఊరి మాటే వస్తోంది. వేరే తెలుగులో రాసి చూశాను. ఎవరో బ్యాంకు మేనేజరుగారు మాట్లాడుతున్నట్టుంది. అందుకని ఇలాగే ఉంచేస్తున్నాను.

ఆ రోజు గదిలో ఆవిడ అంకెలు చదవడం మొదలుపెట్టగానే నేను చెయ్యి అడ్డుపెట్టి ఆపాను. నా సూత్రం చెప్పాను. ఆవిడ నన్నొకసారి తేరిపార చూసింది. తరవాత నడుము నిటారుగా పెట్టి, గొంతు సవరించుకుని, అంకెలన్నీ గడగడా చదివేసింది. ప్రతి అక్షరం ఇస్త్రీ చేసినట్టుంది. నేను నోరెళ్ళబెట్టాను.

"పదారేల్లప్పుడు టౌన్లో బట్టల కొట్లో సేరినాను. కౌంటరు కాడ నిలబడాలంటే మీ ఊరి మాట బస్టాండ్లో దింపీసి రమ్మన్నాడు ఓనరు. అప్పుడు నేర్చుకున్న గొంతిది" అంది.

నా సూత్రానికి ఇంతకన్నా మంచి శిష్యురాలు దొరకదనుకున్నాను.

మా సూపర్‌వైజరుదీ బార్బడోసే. నాకన్నా ఓ పదేళ్ళు పెద్దవాడు, నెమ్మదస్తుడు. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆవిడ ఉప్పు అందించమని ఎవరినో అడిగింది. ఆ ఒక్క వాక్యానికే ఆయన తల తిప్పి, "ఉత్తరం వైపా? సెయింట్ లూసీ?" అన్నాడు.

"మరి నువ్వు టౌనుకి పైన మెట్ట మీద, గేటున్న ఇంట్లో పుట్టినావు" అంది ఆవిడ, తల కూడా ఎత్తకుండా.

ఆయన నవ్వి ఒప్పుకున్నాడు. నాకు ఆశ్చర్యం ఆగలేదు. బార్బడోస్ అంటే నాకు తెలిసింది క్రికెట్ ఒక్కటే. అంత చిన్న దీవిలో ఇన్ని యాసలేమిటని అడిగాను.

"ఈ సివర బస్సెక్కితే టీ సల్లారకముందే ఆ సివర దిగిపోతావు. అయినా పదకొండు పేరిష్‌లు, పదకొండు గొంతులు" అంది. పేరిష్ అంటే మన మండలం లాంటిదని ఆయన వివరించాడు.

తరవాత ఆవిడ చేసింది నేను ఎప్పటికీ మరిచిపోను. వాళ్ళ దగ్గర ఎగిరే చేపలని ఉంటాయట, ఇంటింటా అవే వండుతారు. ఖాళీ డబ్బా మూత చేత్తో పట్టుకుని, అదే చేప అనుకోమని, ఆ ఒక్క చేపనీ పదకొండుసార్లు బేరం చేసింది. ఉత్తరపు జాలరి ఆడమనిషి బేరం ఒక అరుపుతో మొదలై అరుపుతోనే తెగింది. తూర్పున సెయింట్ ఫిలిప్ మనిషి ఒక్కొక్క మాటనీ సాగదీసి సాగదీసి, చేప పాచిపోయేదాకా అడిగింది. కొండల వైపు మనిషి మాటలు గొంతులోనే ఉండిపోయాయి. టౌన్ మార్కెట్‌లో అమ్మాయి ఎంత వేగంగా మాట్లాడిందంటే, కొన్నదో మానిందో నాకు అంతు చిక్కలేదు. చిట్టచివర మెట్ట మీది ఇంటావిడ ముక్కుతో, డాక్టరుగారి అపాయింట్‌మెంట్ అడిగినట్టు చేపని అడిగింది. ఒకే డబ్బా మూత, పదకొండుమంది మనుషులు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా తిండి మానేసి చూశారు. ఒక్కరినీ ఆవిడ వెక్కిరించలేదు. మెట్ట మీది ఇంటావిడ కూడా చేప కావాలని నిజంగానే అడిగింది.

సూపర్‌వైజరు కళ్ళు తుడుచుకుంటూ నా వైపు వంగి, "ఆ ఉత్తరపు గొంతు మా నాయనమ్మది. అది మా నోట వస్తే మా అమ్మ భోజనాల బల్ల దగ్గరనుంచి లేపేసేది. ఇప్పుడు అడిగినా నాకు రాదు" అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు నవ్వుకే వచ్చాయో లేదో నేను అడగలేదు.

అంతటి మనిషి హెడ్‌సెట్ దగ్గర మాత్రం తేలిపోయింది. పొద్దున బాగానే నడిచేది. భోజనం అయ్యాక యంత్రం "మళ్ళీ చెప్పండి" అనడం మొదలుపెట్టేది. రెండుసార్లు, మూడుసార్లు, ఒక్కో అర దగ్గర అయిదుసార్లు. కాళ్ళలో, చేతుల్లో ఆవిడకున్న చురుకు ఆ వరసలో ఎవరికీ లేదు. పెట్టె ముందు నిలబడి అంకె చెప్పలేక సాయంత్రానికి అందరికన్నా వెనకబడేది. నేనేమైనా ఊరుకున్నానా? "ధ్యాస పెట్టండాంటీ, మొదటిరోజు చదివినట్టు చదవండి" అని రోజూ పాఠం చెప్పాను. నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. మూడో నెల సగానికి వచ్చేసరికి, వచ్చే శుక్రవారం పంపించేయాల్సినవాళ్ళ పట్టీలో ఆవిడ పేరు చూశాను.

ఆ సాయంత్రం కోట్లు తగిలించుకునే చోట బెంచీ మీద కూర్చుని ఆంటీ దవడలు రెండూ వేళ్ళతో రుద్దుకుంటోంది. ఒళ్ళు నొప్పులా అన్నాను.

"ఒల్లు కాదే గుంటా, నోరు నొప్పెడతంది" అంది.

ఆ నొప్పి నాకు తెలుసు. గ్వెల్ఫ్ బేస్‌మెంట్‌లో రాత్రి భోజనాల వేళకి నలుగురూ కబుర్లు చెప్పుకుంటుంటే నేనే ముందు మాట మానేసేదాన్ని. నిద్రొస్తోందని అబద్ధం చెప్పేదాన్ని. పగలంతా నోటికి కాపలా కాసి అలిసిపోయేదాన్ని, అంతే.

మర్నాడు నా చెవికి ఇంకో హెడ్‌సెట్ పెట్టుకుని ఆవిడ వెనకే నడిచాను. పొద్దున వినబడింది బట్టల కొట్టు గొంతు. ఒంటిగంట దాటాక, అలసట కమ్మే కొద్దీ ఉత్తరపు గొంతు వచ్చేసింది. పాపం యంత్రం తప్పేముంది? దానికి నేను పరిచయం చేసింది కౌంటరు దగ్గరి మనిషిని. పని చేస్తున్నది ఇంటి మనిషి.

సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి, తప్పు ఆవిడది కాదు, నాదేనని చెప్పాను. శిక్షణలో లోపమని నా పేరు పెట్టి కాగితం మీద రాసిచ్చాను. సిగ్గేసింది. ఆయన అది రెండుసార్లు చదివి, "ఇంకో రెండు వారాలు అడగగలను. గొంతు మళ్ళీ రికార్డు చెయ్యి" అన్నాడు.

అంతా సర్దుకుంటుందని ఎగిరి గంతేశాను. మళ్ళీ అదే చిన్న గది. "ఆంటీ, మీ ఇంట్లో మాట్లాడినట్టు చదవండి" అన్నాను. ఆవిడ నోరు తెరిచింది. బట్టల కొట్టు గొంతే వచ్చింది. మళ్ళీ చదివింది. మళ్ళీ అదే. మూడోసారికి హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టింది.

"రాదే. మిసను ముందర రాదు. నలబై ఏల్లు దాసీసినాను గదా" అంది. నా తప్పు దిద్దుకోవడానికి ఆయన ఇప్పించిన రెండు వారాలూ ఆ గదిలోనే ఆగిపోయేటట్టున్నాయి.

అప్పుడు ఆవిడే అంది: "నువ్వు ముందు మాటాడు. మీ ఊర్లో సేప ఎలగడుగుతారు?"

"చేప తాజాగా ఉందా అండీ?" అన్నాను తెలుగులో.

ఆవిడకి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా వెంటనే తల అడ్డంగా ఊపింది. "ఇది కౌంటరు గొంతు" అంది.

నాకు కోపం వచ్చింది, నవ్వు వచ్చింది, ఆపైన భయమేసింది. ఇన్నేళ్ళలో యంత్రం నన్ను ఒక్కసారి కూడా మళ్ళీ చెప్పమనలేదు. ఎంత అలిసిపోయినా నా గొంతు జారలేదు. జారడానికి లోపల ఏమీ మిగలలేదేమో. కళ్ళు మూసుకున్నాను. మా రేవులో పడవ ఒడ్డు చేరగానే కొంగు దోపుకుని అందరికన్నా ముందు పరిగెత్తే మా మేనత్త గుర్తొచ్చింది. ఆవిడ గొంతు రేవంతా వినబడేది. గదిలో ఉన్నానన్న సంగతి మరిచిపోయి అరిచాను:

"ఏటమ్మా, సేప ఇయ్యాల్దేనా, నిన్నటిదా? కల్లు సూడు ఎలగ తేలీసినాదో! ఎవులికంటగడతావే ఇది?"

ఆంటీ బల్ల మీద అరచేత్తో ఒక్క చరుపు చరిచి, గది అదిరేలా నవ్వింది. ఆ నవ్వు ఆగకముందే హెడ్‌సెట్ తగిలించుకుని అంకెలు అందుకుంది. ఉత్తరపు గొంతు. సముద్రానికి ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ళ గొంతు. యంత్రం ఒక్కొక్కటే తీసుకుంది. నేను ఏడుస్తూ కూర్చున్నాను. ఆవిడ చదువుతూనే నా చేతిలో కాగితపు రుమాలు పెట్టింది.

ఆ రోజు మధ్యాహ్నం వరస చివరిదాకా వెనకే నడిచాను. రెండేరెండుసార్లు "మళ్ళీ చెప్పండి" అంది, అదీ పక్కనుంచి ఫోర్క్‌లిఫ్ట్ చప్పుడుకి. వారం తిరిగేసరికి ఆ వరసలో ఆవిడే ముందు. రెండు వారాలకి పర్మనెంట్ కాగితం వచ్చింది. నా సూత్రం నేను చించి పారేశాను. నా దగ్గర నేర్చుకున్నవాళ్ళని ఒక్కొక్కరినే మళ్ళీ గదికి పిలిచి, తప్పు నాదని చెప్పి, గొంతులు తిరిగి రికార్డు చేశాను. ఆ పని కొన్నాళ్ళు పట్టింది.

కాగితం వచ్చిన రోజు భోజనాల దగ్గర అందరూ చేప బేరం చెయ్యమన్నారు. ఆంటీ డబ్బా మూత అందుకుని పదకొండు పేరిష్‌లూ తిరిగి వచ్చింది. అయిపోయిందని అందరూ చప్పట్లు కొడుతుంటే చెయ్యెత్తి ఆపింది. కొంగు లేకపోయినా కొంగు దోపుకుంది. గదిలో ఒక్కసారే విన్న ఆ గొంతుని ఉన్నదున్నట్టు దించేసింది.

"ఏటమ్మా, సేప ఇయ్యాల్దేనా, నిన్నటిదా?"

మా మేనత్త వాన్‌లో ఆ బల్ల దగ్గర నిలబడింది. జనం నవ్వారు. ఒక్క వాక్యం విని ఊరు చెప్పగల మా సూపర్‌వైజరు మాత్రం నవ్వలేదు. కనుబొమలు ముడివేశాడు. "ఇది నాకు తెలియడం లేదు. మాటలు మనవి కావు, గొంతు మాత్రం మన జాలరి ఆడవాళ్ళదే. ఏ మూలది?" అని అడిగాడు.

ఆంటీ డబ్బా మూతతో నా వైపు చూపించింది.

"ఉత్తరమేనండి" అన్నాను. "మా ఊరు."