నల్లా నీళ్లూ, నేను దిద్దిన జవాబూ

చదువైపోయి ఉద్యోగం ఇంకా రాని ఆ కాలంలో, మా ఛత్రినాక బస్తీ మొత్తమ్మీద నాకంటే తెలివైనవాడు లేడని నా గట్టి నమ్మకం (ఆ నమ్మకం మా అమ్మకు కూడా లేదు). రోజు విడిచి రోజు వచ్చే నల్లా నీళ్లు ఏ గల్లీకి ఎప్పుడో చెప్పే యాప్ ఒకటుండేది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, బాగుచేయొచ్చు. దాన్ని మొదలుపెట్టినాయన ఉండేది బార్కస్‌లో, అందుకే బార్కస్ భాయ్ అనేవాళ్లం. అందరి ఫోన్లకూ వెళ్లే అసలు కోడ్‌లో, అంటే మెయిన్ బ్రాంచ్‌లో, మార్పులు కలిపే హక్కు ఆయన నాకూ ఇచ్చాడు. "టెస్టులన్నీ పచ్చగుంటెనే కలుపు మియా," అన్నాడు. టెస్టులంటే, కొత్త మార్పు పాత లెక్కల్ని చెడగొట్టిందేమో దానంతటదే చూసుకునే పరీక్షలు; పాసైతే పచ్చ, తప్పితే ఎరుపు.

భాయ్ రాసిన పొడవాటి లెక్క చూసి నాకు జాలేసింది. అదంతా పీకేసి, సరి తేదీల గల్లీలు, బేసి తేదీల గల్లీలు అని రెండు ముక్కల్లో తేల్చేశాను. మాది బేసి. ఒకే ఒక్క టెస్టు ఎర్రబడింది. ముప్పై ఒకటిన నీళ్లొస్తే మర్నాడు ఒకటిన రావంటుందది; రెండూ బేసే కదా! నన్ను కాదనడానికి అదెవరు? అందులోని జవాబునే 'వస్తాయి' అని దిద్దాను. పచ్చబడింది. కలిపేశాను.

ముప్పై ఒకటిన నీళ్లొచ్చాయి. రేపూ వస్తాయంది యాప్. ఆ రేపే మా బోనాలు. "పండుగని రెండు దినాలు ఇడుస్తున్నరే!" అని గల్లీ మురిసిపోయి, డ్రమ్ములు బోర్లించి వాకిళ్లు, పరుపులు, పక్కింటి ఆటోతో సహా కడిగేసింది. తెల్లారి నల్లా తిప్పితే బుస్సుమని గాలి! అమ్మ ఉత్త కుండ పట్టుకుని నిలబడింది. "ఏందిరా ఇది? మొక్కిన బోనంరా! తానం జెయ్యకుంట ఎట్లెత్తుకోవాలె?"

భాయ్‌కి ఫోన్ చేసి నిజం చెప్పాను. ఆయన గంటలో ఆటో నిండా నీళ్ల క్యాన్లతో దిగాడు. "ముందుగాల అమ్మీకి నీళ్లియ్యి. లొల్లి తర్వాత," అన్నాడు. అమ్మ బోనమెత్తింది. లొల్లి మాత్రం ఏమీ చేయలేదాయన. నా మార్పు వెనక్కి తీసి, ఆ టెస్టు మీద తను రాసుకున్న మాట చూపించాడు. కలిపేటప్పుడు నేను చదవనే లేదది: "ఈ దినం మా అమ్మీ నల్లా కాడ పొద్దంత కూసున్నది." సిగ్గుతో చచ్చిపోయాను.

ఇప్పుడా మెయిన్ బ్రాంచ్‌ను నేనే చూసుకుంటున్నాను. ఆ టెస్టు కింద నాదీ ఒకటుంది: "ఈ దినం మా అమ్మ ఉత్త కుండ పట్టుకొని నిలబడ్డది." మొన్న కొత్తగా చేరిన అమ్మాయి, "ఇది ఎర్రగొస్తుందన్నా, టెస్టే తప్పుందా?" అని అడిగింది. నాకు నవ్వొచ్చింది. అప్పట్లో ఆ మాత్రం అడగాలని కూడా తోచలేదు, ఛత్రినాకలోకెల్లా తెలివైనవాడికి.