కాటాను లొంగదీసే మనిషి

లుగు కొండమీద మేజు నడిపే టీ ఆకు దుకాణానికి రోజూ పొద్దున్నే వచ్చే మనిషి జువాంగ్ బోహాన్. కరెంటాఫీసులో చేసి రిటైరయ్యాడు. దుకాణంలోని కాటాకు వైరు లేదు. తూచిన బరువు కంప్యూటర్ తెర మీద పడాలంటే రోజూ రెంటినీ కలపాలి. ఆ పని బోహాన్‌ది. కంప్యూటర్ వేసి, చొక్కా చేతులు మడిచి, కాటాకు చెవి ఆనించి, రెండుసార్లు తట్టి, కళ్లు మూసుకుని ఏవో అక్షరాలు టకటకా కొట్టేవాడు. తెర మీద సున్నా పడగానే మేజు వేడి టీ అందించేది. నిజానికి కంప్యూటర్ వెయ్యగానే కాటా దానంతటదే కలిసేలా అతను కిందటేడే రాసిపెట్టాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు పంటినొప్పితో అతనికి ఆలస్యమైంది. ఈలోగా మేజు కంప్యూటర్ వేసింది. నీళ్లు కాగేలోపే సున్నా పడింది. పొట్లం పెడితే బరువూ చూపించింది. ఆమె కాసేపు చూసి, కాటాలోని బ్యాటరీ తీసి జేబులో వేసుకుంది.

"అన్నయ్యా, ఇవాళ ఇది మరీ మొండికేసింది," అంది అతను రాగానే.

"నేనొచ్చానుగా." బోహాన్ చెవి ఆనించాడు, తట్టాడు, కొట్టాడు. సున్నా రాలేదు. చెమట పట్టింది. ఈసారి కళ్లు తెరిచి నిజంగానే టైపు చేశాడు. పొట్లాలు కట్టే ఆడవాళ్లు నవ్వాపుకోలేక తలలు దించుకున్నారు.

మేజు జేబులోంచి బ్యాటరీ తీసి బల్లమీద పెట్టింది. "పొద్దున నువ్వు రాకుండానే నీ మంత్రం పారింది, అన్నయ్యా."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "అయితే రేపట్నుంచి రానక్కర్లేదా?"

"ఎందుకు రావు? చేతులు ఖాళీయేగా, డబ్బాలకు మూతలు పెడుదువుగాని."

బోహాన్ మూతల గంప లాక్కుని ఆడవాళ్ల మధ్య కూర్చున్నాడు. నాలుగు మూతలు బిగించాడో లేదో, వాళ్లు మూత పెట్టే పద్ధతే తప్పంటూ మొదలుపెట్టాడు.