సీరియల్లో చావు, లింబాయత్‌లో నా తీర్పు

భార్య పోయిన మర్నాడే సాంచ దగ్గర నిలబడి, కంట చుక్క నీరు రాకుండా, పొద్దుగూకేసరికి నిండు తాను గుడ్డ నేసి దింపిన మగవాడు సూరత్ మొత్తంలో నేనొక్కణ్నే. సాంచ అంటే మా భాషలో మరమగ్గం. ఈ గొప్పను నలుగురిలో చెప్పి, ఒక మనిషి నోటిదాకా వచ్చిన చాయ్‌ని కింద పెట్టించిన ఘనుణ్నీ నేనే. మీరు నవ్వుకోండి. నాకైతే ఇంకా తలెత్తబుద్ధి కాదు.

పోయినేడాది సంగతి. అప్పటికి నేను డెబ్బై నిండని పసివాణ్ని. సూరత్‌లో మా మగ్గాలవాళ్లుండే లింబాయత్‌లో, మా వదిన రాజవ్వ ఇంట్లో సాయంత్రం సీరియల్ పెడితే గల్లీ అంతా చేరుతుంది. మా షెడ్డులో నూలు కండెలు చుట్టేది వదినే. సాంచలో అటూ ఇటూ పరిగెత్తే నాడెలో ఆ కండె పడితేనే గుడ్డ. లేకపోతే సాంచది ఉత్త చప్పుడే, అచ్చం నాలాగ.

ఆ వారం సీరియల్లో హీరో భార్య లారీ కింద పడి పోయింది.

"పాపం, వారం సంది మెతుకు ముడుతలేడు," అంది వదిన.

"ముట్టకుంటే చెంపలు గట్లెట్ల మెరుస్తున్నయ్ అత్తా?" అంది ఆమె కోడలు సుజాత. "గడ్డం సుత పెరగలె. రోజూ సెలూన్‌కు పోయొచ్చి ఏడుస్తున్నడు."

"నవ్వకు పిల్లా. దుఃఖం ఒక్కొక్కలకు ఒక్కొక్క తీరు."

అందరూ నవ్వారు, గోడకానుకుని కూర్చున్న పక్కింటి సదానందం తప్ప. నెల కిందట అతని భార్య రొట్టెలు చేస్తూ చేస్తూ పొయ్యి ముందే ఒరిగిపోయింది. అప్పటినుంచి అతను పనిలోకి రాలేదు. రేపు కూడా రాకపోతే అతని సాంచల మీద వేరేవాణ్ని పెడతానని షెడ్డు యజమాని సేఠ్ కబురు పంపాడు.

"షెడ్డు దాక వస్త మామా. చప్పుడు ఇనంగనే కాళ్లు ఆగిపోతయ్," అన్నాడు సదానందం నాతో.

అక్కడ నోరు మూసుకుంటే నేను నేనెందుకవుతాను? పావురంలా ఛాతీ ఉబ్బించాను.

"ఏందిరా, ఆ టీవీల పోరడు, నువ్వు! మీ అత్త పోయిన తెల్లారే సాంచ నడిపిన నేను. తాను దింపిన. కండ్లల్ల తడి లేదు. మగోడంటే గట్లుండాలె!"

సదానందం చాయ్ గ్లాసు కింద పెట్టేశాడు. "నాకు గంత గుండె లేదు మామా. సేఠ్‌కు చెప్పేసి ఊరికి పోత," అని లేచాడు.

సరిగ్గా అప్పుడే టీవీలో ప్రకటనలు మొదలై, గదిలో కళ్లన్నీ నా మీదికి మళ్లాయి. ఒక్క కంట్లోనూ జాలి లేదు. గడప దాకా ఉరికాను.

"ఆగురా! కండ్లల్ల జర తడి ఉండె."

"జరనా?" అంది వదిన.

"జర ఎక్కువనే. తాను గూడ పూర్తి కాదు. సగం."

ఆ గడప మీదే ప్రమాణం చేశాను: టీవీలో ఎంతమంది పోయినా, పోయినవాళ్లంతా తిరిగొచ్చినా, ఎవరెలా ఏడవాలో ఈ జన్మలో చెప్పను. చెబితే నా సాంచకు కరెంటు లేకుండా పోవుగాక!

వదినకు ప్రమాణం ఆనలేదు.

"సగం లేదు, పావు లేదు. కండెలు సుట్టింది నేను. ఆ దినం ఒక్క కండె అడగలె నువ్వు. ఉత్త నాడె పొద్దూకేదాక అటు ఇటు కొట్టుకున్నది, నువ్వు దాని ముంగట నిలవడి ఎక్కెక్కి ఏడ్సినవ్. చప్పుడుల ఎవలికి ఇనరాలె, గంతే. సదానందం, కూసో. చాయ్ సల్లారుతది."