కుడిపక్క కుదరలేదు

ఇందులో ప్రతి మాటా నిజం. ఒక్కటి అబద్ధమైనా ఈ వానకాలం నేనమ్మిన విత్తనాల్లో ఒక్కటీ మొలవకుండా పోవాలి. తీరా రాశాక చూస్తే ఆ ఒట్టు నాకంటే రైతులకే ఎక్కువ తగిలేట్టుంది. అందుకని దాన్ని వెనక్కి తీసుకొని నా కుడిచేతి మీద పెట్టుకుంటున్నాను. బొమ్మలు గీసే చెయ్యి. అది పడిపోయినా లోకానికి వచ్చే నష్టమేమీ లేదని ఇదంతా చదివాక మీరే అంటారు.

ఇంత గట్టిగా ఒట్టు పెట్టుకోవడానికి కారణముంది. సిద్దిపేటలో నేను పనిచేసే విత్తనాల దుకాణానికి వచ్చేవాళ్లలో సగంమంది నా ముచ్చట్ల కోసమే వస్తారు. మద్దూరు దిక్కు ఒకాయన పత్తిచెట్టు ఎక్కి, దిగరాక రెండు రోజులు పైనే ఉండి, బువ్వ తాడుతో పైకి గుంజుకొని తిన్నాడని చెప్పింది నేనే. అది విన్న ధూళిమిట్ట ముసలాయన ఒకడు "రెండు రోజులేనా? మా తాన పత్తి ఏరవోయినోళ్లు ఉగాదికి గని దిగరు" అని నన్నే దాటిపోయాడు. నోరు తెరిస్తే నాకు కొలత ఉండదు. జానెడు సంగతిని బారెడు చేస్తాను, సిగ్గు కూడా పడను. అదే పెన్సిల్ పట్టుకుంటే వెంట్రుకంత తేడాను కూడా ఓర్చుకోలేను. ఈ రెండు గుణాలూ ఒక్క ఒంట్లో ఎట్లా కాపురం చేస్తున్నాయో నాకైతే తెలియదు.

బడిలో ఉన్నప్పుడు డ్రాయింగ్ లోయర్ గ్రేడ్ పరీక్షకు కట్టాను. కుండ గీయమన్నారు. నడుమ నిలువుగీత గీసుకొని, ఎడమ సగం గీసి, దానికి సరిగ్గా సరిపోయేట్టు కుడి సగం గీయాలి. నా ఎడమ సగం అందరికంటే ముందే అయింది. కుడి సగమే కుదరలేదు. మెడ కుదిరితే కడుపు ఉబ్బింది, కడుపు తగ్గిస్తే అడుగు పక్కకు జరిగింది. చెరిపి గీశాను, గీసి చెరిపాను. చివరికి కాగితానికి బొక్కపడింది. బొక్కపడ్డ కుండకు మార్కులెవరు వేస్తారు? మరుసటేడు మళ్లీ కట్టాను. ఈసారి కాగితం ఆగింది కానీ టైం ఆగలేదు. పరీక్ష హాల్లో సారు నా కాగితం గుంజుకుంటూ "సగం కుండల నీళ్లెట్ల నిలుస్తయిరా?" అన్నాడు. హాలంతా నవ్వింది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు పెన్సిల్ ముట్టలేదు.

నాలుగేళ్ల కిందట మా పక్కింటికి ఒక రిటైరైన డ్రాయింగ్ సారు కిరాయికి వచ్చాడు. ఇంట్లో ఉర్దూ, బయట మన తెలుగు. ఒకనాడు మాటల్లో మాటగా ఆయనకు నా సగం కుండ సంగతి చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. ఆయన లోపలికి పోయి ఒక పెన్సిల్ తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"గా పరీక్ష ఇప్పుడు రాయి భాయ్. టైం అయిపోయిందని ఎవడంటడో నేన్ జూస్త."

ఆదివారం ఆదివారం ఆయన వరండాలో కూర్చునేవాణ్ని. వేపాకు, చెంబు, కుర్చీ, చెప్పు. చెయ్యి తిరిగింది, వెలుగునీడలు వేయడం వచ్చింది. పూర్తి చేయడమే రాలేదు. ఏది మొదలుపెట్టినా ఎడమపక్క ప్రాణంతో లేచేది, కుడిపక్క చెరిపి చెరిపి నల్లబడేది. ఆ ఏడాది నేను రాల్చిన రబ్బరు పొట్టును మా ఆవిడ చాటలోకి ఊడ్చి, దాచిపెట్టి, దిండు కుట్టింది. ఇప్పటికీ నా తలకింద అదే దిండు.

ఆమే ఒక ఆదివారం అన్నది. "గిన్ని ఆకులు గీస్తివి, చెంబులు గీస్తివి. మనిషిని గియ్యరాదా?"

"ఏ మనిషిని?"

"ఇంట్ల ఉన్నది ఇద్దరమే గదయ్యా. నిన్ను నువ్వే గీసుకుంటవా?"

ఆమె ఊరికే అడగలేదు. మా ముందరి గదిలో గోడ మీద మా పెళ్లి ఫోటో ఒక్కటే ఉంది. అందులో నేను సర్పంచ్ ఎన్నికల్లో గెలిచినవాడిలాగ నిలబడి ఉంటాను, ఆమె కళ్లు మూసుకొని ఉంటుంది. ఫోటోగ్రాఫర్ చూసుకోలేదు, మళ్లీ తీయలేదు. ఇరవై ఐదేళ్లుగా వచ్చినవాళ్లందరూ ఆ ఫోటో చూసి "ఏంది వదినా, పీటల మీదనే నిద్రవోయినవా?" అంటారు.

"ఆ గోడ మీద నేను కండ్లు తెర్సుకొని ఉండాలె. గంతే," అన్నది. ఇన్నేళ్లలో ఆమె నన్ను అడిగింది అదొక్కటే.

వంట చేసుకుంటూనే, మంచి చీర కట్టుకొని, వంటింటి కిటికీ వెలుతురులో ప్లాస్టిక్ కుర్చీ వేసుకొని కూర్చునేది. నేను గీసుకుంటూ ముచ్చట్లు చెప్పేవాణ్ని, ఆమె నవ్వేది. ఆమె నవ్వు పెదవి కుడి మూల నుంచి మొదలవుతుంది. అక్కడ ముందు కొంచెం పైకి లేస్తుంది, తర్వాత మిగతా ముఖానికి తెలుస్తుంది. "కదలకు!" అని నేను కసిరేవాణ్ని. "నవ్విస్తవు, కదలొద్దంటవు. నీకు పెండ్లం గావాల్నా, బొమ్మ గావాల్నా?" అనేది.

ఆమె ముఖంలో ఎడమ సగం రెండు ఆదివారాల్లో అయింది. సగం నుదురు, ఒక కన్ను, సగం ముక్కు. ఎవరు చూసినా ఆమే అన్నారు. ఆ తర్వాత కుడి సగం పట్టుకున్నాను. ఎన్ని ఆదివారాలు పోయాయో లెక్కపెట్టలేదు. దారంతో కొలిచాను. స్కేలు తెచ్చి ఆమె ముక్కు నుంచి చెవిదాకా కొలిచాను. ఆమె ఓపికగా కొలిపించుకుంది. ఎంత కొలిచినా కాగితం మీద రెండు సగాలూ కలవలేదు.

ఒకనాడు నాకు జ్ఞానోదయమైంది. పెన్సిల్ కింద పెట్టి చెప్పాను. "తప్పు నాది కాదే. నీ ముఖమే సక్కగ లేదు. కుడికన్ను ఎడమదానికన్న చిన్నగున్నది. మూతి గూడ గా పక్కకు గుంజినట్టున్నది."

ఆ మాట అన్నప్పుడు నాకెంత సంతోషమైందో చెప్పకపోతే నా ఒట్టు చెడుతుంది. ముప్పై ఏళ్ల కిందటి కుండ బరువు ఆ క్షణాన నా నెత్తి మీంచి దిగింది. చెయ్యి మంచిదే, సరుకే వంకర.

ఆమె పకపకా నవ్వింది. "రెండు దిక్కుల ఒక్కతీరుగ ఉండనీకి నేనేమన్న నీ కుండనా?" అన్నది. గరిటెతో నా భుజం మీద ఒకటి వేసి, చాయ పెట్టింది.

మరునాడు దుకాణంలో ఈ ముచ్చట చెప్తే నవ్వని మనిషి లేడు. వారం తిరగకముందే అది మా చుట్టాల్లో కూడా పాకింది.

తర్వాతి ఆదివారం ఆమెకు పని ఉందన్నది. ఆ పై ఆదివారం తల నొస్తుందన్నది. తర్వాత నేనడగడమే మానేశాను. కానీ చిన్న చిన్న తేడాలు కనబడుతూ వచ్చాయి. తినేటప్పుడు నాకు ఎడమపక్కన కూర్చునేది కాస్తా లేచి, కుడిపక్కకు మారి, ఎడమచెంప నావైపు పెట్టుకుంది. ముచ్చట చెప్తే ముందు చెయ్యి మూతి మీదికి లేస్తుంది, నవ్వు దాని వెనక ఉంటుంది. పంటినొప్పేమో అనుకున్నాను. "దవాఖానకు పోదమా?" అంటే, "ఏం లేదు తియ్యి" అన్నది.

కుకునూరుపల్లిలో మా చుట్టాలింట్లో గృహప్రవేశమైంది. ఫోటో దగ్గర ఫోటోగ్రాఫర్ "అమ్మా, జర సీదా జూడుండ్రి" అని మూడుసార్లు అన్నాడు. ఆమె కొంగు కుడిచెంప మీదికి లాక్కొని, ముఖం పక్కకే పెట్టి నిలబడింది. వెనకనుంచి మా మరదలు వరసామె ఒకామె అరిచింది. "ఆమె గట్లనే నిలవడ్తది లే! నేనేమన్న కుండనా అన్నదట గద బావను! మంచిగన్నవ్ అక్కా!" అందరూ నవ్వారు. మా ఆవిడ కొంగు వెనకనుంచి నావైపు చూసింది.

నేను ఆ కాగితం తీసుకొని సారు దగ్గరికి పోయాను. ఆమె కన్ను సంగతీ, మూతి సంగతీ ఆయనకు కూడా విడమరిచి చెప్పాను. ఆయన బొమ్మను పక్కనపెట్టి నన్ను చూశాడు.

"నీ ముఖం ఎన్నడన్న అద్దంల జూసుకున్నవా భాయ్? నీ మీసం ఒకదిక్కు లేశి నిలవడ్డది, ఒకదిక్కు పండుకున్నది. ఆ బీబీ గన్నేండ్ల సంది జూస్తుంది. ఒక్కనాడన్న నీతోని అన్నదా?"

ఆయన నా చేతిలోని రబ్బరు తీసుకొని తన జేబులో వేసుకున్నాడు. "ఇగ రబ్బర్ లేదు. వంకరొచ్చినా, టింకరొచ్చినా సరే, ఖతం చెయ్యి. బస్."

ఇంటికొచ్చి ఆమెనడిగాను. ఇంకొక్కసారి కూర్చోమని, ఈసారి చెరపనని. ఆమె చేతులు కడుక్కొని, కొంగుకు తుడుచుకొని వచ్చింది. కుర్చీని పట్టుకొని పక్కకు తిప్పింది. ఎడమచెంప నాకు, కుడిచెంప గోడకు. కళ్లు కిటికీ బయట.

"గిట్లనే గియ్యి. గీ దిక్కు మంచిగున్నదంటివి గద."

"ఇటు తిరుగరాదా?"

"గియ్యి."

గీశాను. గంట కూడా పట్టలేదు. కలపడానికి రెండో సగమే లేదు కనుక ఎక్కడా చెయ్యి ఆగలేదు. నా జీవితంలో పూర్తయిన మొదటి బొమ్మ అది. సారు "షాబాష్" అని భుజం తట్టాడు, ఫ్రేము కూడా ఆయనే కట్టించాడు. ఇప్పుడది పెళ్లి ఫోటో పక్కన వేలాడుతోంది. వచ్చినవాళ్లు "అచ్చం వదిన లెక్కనే ఉన్నది" అంటారు. ఫ్రేము తగిలించిన రోజు ఆమె చీపురు పట్టుకొని వచ్చి చూసి "కన్ను తెర్సుకునే ఉన్నది" అన్నది. ఒక కన్ను. అది నన్ను చూడదు, తలుపువైపు చూస్తుంది.

ఇక ఆ ఒట్టులోంచి నా చెయ్యి విడిపించుకోవాలి. మీరు ఆ దిండును అనుమానిస్తుంటారు. దిండు నిజం. సగం దూది కలిపింది, అంతే. మద్దూరు పత్తిచెట్టు అబద్ధమని మీకు ముందే తెలుసు. నేను కల్పించింది ఇంకొకటి ఉంది. ఆమె నవ్వలేదు. "నేనేమన్న నీ కుండనా" అని ఆమె ఎన్నడూ అనలేదు. గరిటె లేదు, చాయ లేదు. మరునాడు దుకాణంలో ముచ్చట చెప్తుంటే ఎవరో "మరి చెల్లె ఏమన్నది?" అని అడిగారు. ముచ్చటకు ఒక తోక ఉండాలి కదా, అక్కడికక్కడే తగిలించాను. ఒక్కసారికే కుదిరింది. గృహప్రవేశంలో ఆ మాట ఆమె చెవిన పడినప్పుడు, తాను అనలేదని ఆమె అక్కడ చెప్పలేదు. ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

జరిగింది ఇది. నీ ముఖమే సక్కగ లేదని నేననగానే ఆమె లేచి స్టవ్ బంద్ చేసింది. చేతులు కడుక్కునే చోట అద్దం ముందు నిలబడి, చాలాసేపు అక్కడే ఉంది. నేను కూర్చొని పెన్సిల్ చెక్కుకుంటున్నాను. ఆ రోజు అన్నం పలుకు మీదే దిగింది. ఇద్దరం అదే తిన్నాం.