ఏడువందల కిలోమీటర్లు మోసిన మోకు

మల్లాపూర్ దగ్గరి మా పుట్టింటి ఊళ్లో ఐలయ్య పేరెత్తితే, "ఏ ఐలయ్య? అక్కను బండికి కట్టుకొచ్చిన ఐలయ్యనా?" అని అడుగుతారు. ఆ అక్కను నేనే. నవ్వేవాళ్లు నవ్వనీ, నాకైతే ఆ మాట వినడానికే పుట్టింటికి పోవాలనిపిస్తుంది.

ఐలయ్య నా తమ్ముడు. మాది కల్లు గీసే ఇల్లు. మా నాయన పోయాక ఆయన వాటా తాటిచెట్లు వాడికి వచ్చాయి. పదిహేడేళ్లకే మోకు వేసుకున్నాడు. మోకంటే చెట్టునూ నడుమునూ కలిపి చుట్టే లావాటి తాడు. గీసేవాడి ప్రాణం దాని మీదే ఆనుకుని ఉంటుంది. వాడు ఎక్కుతుంటే కింద నిలబడి చూసేవాళ్లకు మెడలు నొప్పి పెట్టేవి గానీ వాడికి ఆయాసం వచ్చేది కాదు.

కరువు మూడో ఏట ఆ మోకు తెగింది. సగం చెట్టు మీది నుంచి పడ్డాడు. జగిత్యాల దవాఖానాలో నలభై రోజులు ఉన్నాడు. నడుము అతికింది, కాలు అతికింది, ధైర్యం మాత్రం అతకలేదు. లేచి తిరగగానే కొత్త మోకు పేనించుకున్నాడు. రోజూ చెట్టు దగ్గరికి పోవడం, మొదలు మీద చెయ్యి పెట్టడం, పైకి చూడటం, ఇంటికి రావడం. పది రోజులు అంతే. పదకొండో రోజు, సిరిసిల్ల నుంచి సాంచలు, అంటే మరమగ్గాలు, నడపడానికి భీవండి పోయే నేతపనివాళ్ల వెంట బస్సెక్కాడు. అప్పటికే అందరూ ఎటో ఒక దిక్కు పోతున్నారు. నా కొడుకు శ్రీశైలమే దుబాయిలో ఉన్నాడు. ఇక తమ్ముణ్ని ఎవరు తప్పు పడతారు?

రెండేళ్లు గడిచాయి. ఒకనాడు నేను కోరుట్లలో మా ఇంటి అరుగు మీద బీడీలు చుడుతుంటే వాడి భార్య ఇంద్రమ్మ వచ్చి నా చాట పక్కన కూలబడింది.

"వదినె, ఉగాది ఎల్లినంక ఐతారం నాడు సంఘంల చెట్ల పంపకమట. మోకు ఏసుకొని ఒక్క చెట్టన్న ఎక్కి దిగాలెనట. లేకుంటే పేరు కొట్టేస్తరట."

"రెండేండ్ల సంది ఊకున్నరు కద?"

"ఊకున్నందుకే ఈసారి ఊకోరట."

"వానికి చెప్పినవా?"

"ఫోన్ల చెప్పిన. కొట్టేస్తే కొట్టేయనీ అన్నడు."

ఆ రోజు నా బీడీలన్నీ వంకరగా వచ్చాయి. పేరు పోతే చెట్లు ఒక్క వాడికే పోవు, వాడి పిల్లలకూ పోతాయి. తాత నుంచి వస్తున్న పేరు అది. పంపకానికి పన్నెండు రోజులుంది. ఆకు, తంబాకు పక్కింటి సుశీలకు అప్పగించి నేనే భీవండి బస్సెక్కాను.

అక్కడ ఒక్క గదిలో ఎనిమిది మంది. గోడ అవతల సాంచల చప్పుడు. తమ్ముడు గుడ్డల బేళ్లు మోసే పనిలో ఉన్నాడు. ఎవరి పెట్టె ఏది, వంట ఎవరు చేస్తారు, నీళ్లు ఎప్పుడొస్తాయి, అన్నీ అడిగి తెలుసుకుంటూ గోడవైపు చూద్దును కదా, మేకుకు మోకు వేలాడుతోంది.

"చెట్టెక్కనంటివి. మోకెందుకు తెచ్చుకున్నవురా?"

"ఇంటికాడుంటే ఎలుకలు కొరుకుతయక్కా."

"భీవండిల ఎలుకలు లెవ్వా?"

నేను తాకి చూశాను. చేతికి నూనె అంటింది. ఒక్క చెట్టు మీదా వెయ్యని తాడుకు రెండేళ్లుగా నూనె పెడుతున్నాడన్నమాట. నాకు కావలసిన జవాబు దొరికింది.

రెండు రోజులు పోరితే దిగివచ్చాడు. "పెద్దమనుషులకు ముఖం చూపిచ్చి మళ్ల వస్త. బండి ఈడనే ఉంటది" అన్నాడు. గది ముందు వాడు కొన్న పాత మోటారు సైకిల్ ఉంది. బండి ఇక్కడుంటే మనసూ ఇక్కడే ఉంటుంది కదా.

"బండి మీదనే పోదాం" అన్నాను.

"ఏడువందల కిలోమీటర్లు అక్కా!"

"నడిచేది బండి కద, నేను కాదు కద."

"మనూరి పక్క రాయికల్ దాకా కూసుంటెనే నిద్రపోతవు నువ్వు. యాడనో జారిపడుతవు."

"అయితే కట్టుకోరాదు."

నేను నవ్వులాటకే అన్నాను. వాడు లోపలికి పోయి మోకు తెచ్చాడు. నన్నూ వాడినీ కలిపి చుట్టి, చెట్టుకు వేసే ముడే వేశాడు. గీసేవాడికి నమ్మకమైన తాడు ఇంకోటి తెలియదు.

మూడు పగళ్ల ప్రయాణం. కల్యాణ్ దాటాక ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే కొండ మీద గుడిసెలు కనిపించాయి.

"గంత మీదికి నీళ్లు ఎట్ల తెచ్చుకుంటరు?" అన్నాను.

"నాకేమెరుక?"

"ఆపు, అడుగుదాం."

ఆపాడు. నేనడిగింది వాళ్లకు అర్థం కాలేదు గానీ చాయ్ పోశారు. అహ్మద్‌నగర్ దాటాక చెరుకు కొట్టే కూలీల బండ్లు వరసగా ఇళ్లకు పోతూ ఎదురయ్యాయి. సామాన్ల మీద కోళ్లు, కోళ్ల పక్కన పిల్లలు. ఒకామె నన్ను కట్టేసిన తాడు చూసి పకపకా నవ్వి నాకు చెరుకు గడ ముక్క ఇచ్చింది. ఊరు విడిచిపోయేది మనమే అనుకున్నాను అంతదాకా.

పర్భణీ దగ్గర పోలీసు ఆపాడు. ముసలామెను కట్టేసి ఎక్కడికి ఎత్తుకుపోతున్నావని అతని అనుమానం.

"బహెన్ హై సాబ్. నీంద్ మే గిర్తీ హై" అని, నేను అక్కనని, నిద్రలో పడిపోతానని చెప్పాడు తమ్ముడు.

నేను "భాయ్, భాయ్" అంటూ వాడి వీపు మీద చరిచి చూపించాను. పోలీసు మోకును రెండుసార్లు గట్టిగా గుంజి, "మజ్బూత్ హై" అని దాని గట్టితనం ఒప్పుకుని పొమ్మన్నాడు.

నాందేడ్ దాటి, నిర్మల్ ఇంకా కొంత దూరం ఉండగా నిజంగానే నిద్రపోయాను. బర్రె అడ్డం వచ్చిందట. బండి గుంజుకుంది, నేను పక్కకు ఒరిగిపోయాను. కళ్లు తెరిచేసరికి రోడ్డు నా చెంప కిందే ఉంది. మోకు నన్ను పట్టి ఆపింది. వాడు రెండు కాళ్లూ నేలకు ఆనించి బండిని నిలబెట్టాడు. దిగాక నన్ను చూడలేదు, మోకును ఈ కొస నుంచి ఆ కొస దాకా తడిమాడు.

"తెగకుంట ఆగింది" అన్నాడు. అంతే.

అప్పుడే కమురు వాసన వచ్చింది. ముడి వేయగా మిగిలిన కొస వేలాడి సైలెన్సర్‌కు ఆని జానెడు కాలిపోయింది. చెట్టు మీద కొస వేలాడినా ఏమీ కాదు. బండి పక్కన కాలే గొట్టం ఉంటుందని కల్లుగీతవాళ్లమైన మాకిద్దరికీ తట్టలేదు.

ఆదివారం నాడు తాటివనంలో అందరూ చేరారు. సంఘం పెద్ద జలపతి మామ మోకును చేతిలోకి తీసుకుని నల్లటి కొస చూశాడు.

"అగ్గి తాకిన మోకు చెట్టుకు పనికిరాదు, ఐలయ్యా. పెద్దల నాటి మాట."

తమ్ముడి ముఖంలో బాధ కనపడుతుందనుకున్నాను. కనపడలేదు. బరువు దిగినట్టు కనపడింది.

"సరే మామా. అయితే పేరు కొట్టేయుండ్రి" అన్నాడు.

నేను ముందుకు వచ్చాను. "కాలింది కొస, మామా. మనిషిని వట్టేది నడిమి తాడు. నేను ఎంతున్ననో సూడుండ్రి, వడ్ల బస్తా లెక్కున్న. ఏడువందల కిలోమీటర్లు నన్ను మోసింది, పడబోతె వట్టింది. నన్ను ఆపినది నా తమ్మున్ని ఆపదా?"

అందరూ నవ్వారు. జలపతి మామ నవ్వలేదు. "పడితె జవాబు నేను చెప్పాలె, పోశవ్వా."

తమ్ముడు మాత్రం మోకునే చూస్తున్నాడు. నిర్మల్ అవతల రోడ్డు మీద చూసినట్టే చూస్తున్నాడు.

"కాలిన ముక్క కోసేస్తె, మామా?"

"కోస్తె అగ్గి పోయినట్టే. గని పొట్టిగైతది. లావు చెట్టుకు చాలదు."

"సన్న చెట్టే ఎక్కుత."

ఇంద్రమ్మ నా చెయ్యి పట్టుకుంది. మా వాటాలో సన్న చెట్టు ఒక్కటే. వాడు పడింది దాని మీది నుంచే.

గీత కత్తితో కాలిన ముక్క కోసి గీతవాళ్ల దేవుడు కాటమయ్య రాయి ముందు పెట్టి మొక్కాడు. మోకు వేసుకున్నాడు. మొదలు మీద చెయ్యి పెట్టాడు, పైకి చూశాడు. ఈసారి ఇంటివైపు తిరగలేదు. మోకు ఎగరేసి, కాళ్లు ఆనించి, మళ్లీ మోకు ఎగరేసి. సగం చెట్టు దగ్గర ఒక్క క్షణం ఆగాడు. ఇంద్రమ్మ గోళ్లు నా చేతిలో దిగాయి. తర్వాత ఆ చోటును దాటాడు. నా మెడ నొప్పి పెట్టేదాకా చూశాను.

మట్టల్లోకి చేరాక చప్పుడు లేదు. బిగుసుకుపోయాడేమోననుకున్నాను. అప్పుడు పై నుంచి, అరుగు మీద కూర్చుని మాట్లాడినట్టే వాడి గొంతు వినపడింది.

"అక్కా, తాళంచెవి బండికే మరిచిన. తీసి నీ దగ్గరనే వెట్టుకో. నాకిప్పట్ల పనిలేదు."

పోయి తీశాను. కొంగున ముడి వేసుకున్నాను.