గీ పాట ఎవలు కట్టిన్రు?

మా ప్రభుదాస్‌కు ఒకటే జబ్బు. ఎక్కడ పాట వినిపించినా, దాన్ని ఎవరు కట్టారో తేలేదాకా అక్కడి పని ముందుకు సాగనివ్వడు. మహబూబాబాద్‌లో మైక్‌సెట్లు కిరాయికిచ్చే మనిషికే ఈ జబ్బు ఉండటంతో ఊరంతా పరేషాన్.

జనగామలో ఓ బరాత్. పెండ్లికొడుకు చిందేస్తుంటే ప్రభుదాస్ మైకు బంద్ చేశాడు.

"బాబూ, గీ పాట ఎవలు కట్టిన్రు?"

"నాకేం ఎరుక? నేను పెండ్లికొడుకును."

"అయితేంది? ఎగిరేది నువ్వే గదా."

సకల జనుల సమ్మెలో రైల్‌రోకో చేసినందుకు మమ్మల్ని పోలీసు వ్యాన్ ఎక్కిస్తుంటే జమేదారు సెల్లు మోగింది. అందులో ఉద్యమ పాట. ప్రభుదాస్ వ్యాను మెట్టు మీదే ఆగిపోయాడు.

"సార్, గీ పాట ఎవలు కట్టిన్రు?"

"జానపదమయ్యా, ఎక్కు."

"జనంల ఎవలో ఒకలు కట్టాలె గద సార్. దానంతటది మొలుస్తదా?"

జమేదారు జవాబు వెతుక్కునేలోపు మాలో సగం మంది దిగి జారుకున్నారు.

ఆ పాట నెల్లికుదురు దగ్గరి తండాలో మిరపకాయలు ఏరే సోమ్లీది. ఉద్యమ ఆటపాటల సభ ధూంధాంలో ఆమె పాడితే కుర్రాళ్లు సెల్లుల్లో పట్టి యూట్యూబ్‌లో ఎక్కించారు. ఆపై ఉద్యమం వీడియో ఏది చూసినా అదే పాట. ఆ వీడియోల్లో వచ్చే ప్రకటనల డబ్బులో పాటకు రావాల్సిన వాటా మాత్రం 'హక్కుదారు తెలియదు' అని ఆగిపోయింది. పట్నంలోని ఓ ఆడియో కంపెనీ దాన్ని తన పాత జానపదాల్లో కలుపుకోబోయింది. చివరికి సోమ్లీ వేదికెక్కితే మావాళ్లే, "అవ్వా, గది కంపెనీ పాటనట. ఇంకోటి పాడు" అన్నారు. ప్రజల పాటంటే పేరులేని పాట అని మనమే ఒప్పుకుంటే, దొంగకు గోడ దూకే శ్రమ కూడా ఉండదు.

ప్రభుదాస్ కంపెనీకి ఫోన్ చేసి నిలదీశాడు. "మేమే వచ్చి ఊళ్లో అడుగుతాం. జనం ఎవరిదంటే వాళ్లది" అన్నాడు మేనేజరు ధీమాగా.

నేను ప్రభుదాస్‌ను పక్కకు లాగాను. "అన్నా, ఊళ్లె ఎవలు చెప్తరు? నువ్వే గదా తెల్వనట్టు అందర్ని అడుక్కుంట తిరిగింది?"

"తెల్వక అడిగిన్నా? నా మైక్‌సెట్ డబ్బా మీద కూసోనే కట్టిందామె. నేను చెప్తే మరిచిపోతరు. అడిగితే, నా పీడ వదిలించుకోనీకన్నా కనుక్కుంటరు."

మేనేజరు వచ్చాడు. ఆటో ఉమేష్‌కు పాట వినిపించాడు. "సోమ్లీది సార్." చాయ్ హోటల్లో అడిగాడు. "సోమ్లీది." బట్టల దుకాణం రామ్మోహన్ సేటు గుడ్డ కొలుస్తూ తలెత్తకుండానే, "సోమ్లీది" అన్నాడు.

"అంత గట్టిగా ఎలా చెప్తున్నారు?"

సేటు చేతులు జోడించాడు. "ప్రభుదాస్‌కు చెప్పి చెప్పి నోరు నొచ్చింది. ఇగ మీరు గూడ షురూ చేస్తిరా?"

వాటా సోమ్లీ పేరు మీదికి వచ్చింది. తరువాతి ధూంధాంలో ఆమె గొంతెత్తకముందే జనం ఆమె పేరు పలికి చప్పట్లు కొట్టారు. అడగడానికి ఏమీ మిగలక ప్రభుదాస్ కాసేపు ఆగమాగమయ్యాడు. తరువాత మైకు అందుకున్నాడు.

"చప్పట్లు ముందుగాల ఎవలు షురూ చేసిన్రు?"