అత్తయ్య పొట్లకాయ ఆట

మొన్న మా అమ్మాయి సెల్‌ఫోనులో పాతకాలం ఆటేదో దింపుకుని ఆడుతుంటే, ఆ కీచుమనే సంగీతానికి వంటింట్లోంచి గరిటెతో సహా వచ్చి నిలబడిపోయాను. పైనుంచి రకరకాల ముక్కలు పడుతుంటాయి, కింద సందు లేకుండా పేర్చాలి. రాజోలు దగ్గర మా మేనత్త ఇంట్లో ముందుగది కళ్ళముందుకొచ్చింది.

మావయ్యగారు కువైట్‌లో డ్రైవరు. తొంభైలో సెలవుకి వచ్చినప్పుడు టీవీకి తగిలించుకునే గేము పెట్టె తెచ్చారు. పిల్లల్లేని ఇంటికి ఆటబొమ్మేమిటని చుట్టాలు నవ్వితే, "మేవిద్దరం ఆడుకోడానికేనండీ" అన్నారాయన ఏమాత్రం మొహమాటపడకుండా. ఆయన వెళ్ళిపోయాక అత్తయ్య దానిమీద పూలు కుట్టిన గుడ్డ కప్పి, దాని జోలికే పోలేదు.

ఆ ఆగస్టులో అక్కడ యుద్ధం వచ్చింది. ఉత్తరం లేదు, ఫోను లేదు. డిగ్రీ చదువుతున్న నన్ను అత్తయ్యకి తోడుగా పంపించారు. విమానాలు ఆగిపోయాయని ఒకరు, ఎడారిలో మంచినీళ్ళు దొరకవని ఇంకొకరు, ధైర్యం చెప్పడానికి వచ్చినవాళ్ళందరూ ఉన్న ధైర్యం కాస్తా పట్టుకుపోయేవారు. ఒక మధ్యాహ్నం వాళ్ళు గుమ్మం దిగగానే అత్తయ్య ఆ గుడ్డ తీసి, "ఇదెలా ఆడాలో చెప్పవే" అంది. కొద్దిరోజుల్లోనే నన్ను మించిపోయింది. ముక్కలకి పేర్లు కూడా పెట్టింది. చదరంగా ఉన్నది మైసూర్‌పాకు, వంగినది మడతకుర్చీ, నిలువుగా పొడుగ్గా దిగేది పొట్లకాయ. సరైన సందులో అది పడితే వరసలన్నీ ఒక్కసారే మాయమవుతాయి. "రావే తల్లీ పొట్లకాయా!" అని టీవీని బతిమాలేది.

పక్కింటావిడ గుమ్మంలో నిలబడి, "మొగుడి జాడ తెలీనప్పుడు ఆటలాడుకుంటారా ఎవరన్నా?" అని అందరికీ వినబడేలా అంది. అత్తయ్య తల తిప్పలేదు. ఆవిడ వెళ్ళాక, "ఖాళీగా కూచుంటే ఆయన ఇసకలో పడిపోయినట్టు కనబడుతున్నారే. ఇవి పడుతున్నంతసేపూ కనబడరు" అంది నాతో. కాఫీ కలిపి తెచ్చి పక్కన పెట్టాను.

సెప్టెంబరులో, కాలవ అవతల ఫోనున్న కొబ్బరికాయల వర్తకుడిగారి భార్య, ఎప్పుడూ నింపాదిగా నడిచే మనిషి, చెప్పుల్లేకుండా పరుగెత్తుకొచ్చింది. "వదినగారూ, బొంబాయి నుంచి ఫోనండీ! అన్నయ్యగారేనండీ! మళ్ళీ చేస్తానన్నారు, రండి!" అత్తయ్య చేతిలో ఆట రిమోటు వదలకుండానే లేచింది. దాని తీగ లాగేసరికి పెట్టె దబ్బున నేల మీద పడింది. వాళ్ళింట్లో ఫోను మోగేదాకా నిలబడే ఉంది. మోగాక ఏడుస్తుందనుకున్నాం. "అన్నం తిన్నారా?" అంది. అటునుంచి ఆయనేం చెప్పారో, "ఆయ్... ఆయ్..." అంటూ గోడకి ఆనుకుని కిందికి జారిపోయి, అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వు చూసి మా అందరికీ ఊపిరి ఆడింది.

మావయ్యగారు సామానంతా పోగొట్టుకుని, ఒంటిమీది బట్టలతో వచ్చారు. కిందపడ్డ పెట్టె మళ్ళీ పనిచేయలేదు. బాగుచేయిస్తానంటే, "ఇంక నాకు దాంతో పనేవుందండీ, వచ్చేసేరుగా" అంది అత్తయ్య. ఆయన మరి ఆ దేశం వెళ్ళలేదు, రాజోలులోనే టాక్సీ నడుపుకున్నారు. ఎదురుచూసిన ఆ కొన్ని వారాలూ నాకిప్పటికీ పూటపూటా గుర్తున్నాయి గానీ, ఆ తర్వాత వాళ్ళిద్దరూ కలిసి బతికిన ఏళ్ళ గురించి చెప్పమంటే పెద్దగా ఏమీ తోచదు. హాయిగా సాగిన కాలం తనను గుర్తుపెట్టుకోమని అడగదు కాబోలు.